స్కోర్‌బోర్డు వైపు చూడని మనిషి: మైనర్ లీగ్ బేస్‌బాల్‌లో స్కౌట్ కన్ను దేని మీద ఉంటుంది?

టెక్సస్‌లోని ఫ్రిస్కో అనగానే మనవాళ్ళకు హనుమంతుడి గుడి, బిర్యానీ హోటళ్ళు, చుట్టాల ఇళ్ళు గుర్తొస్తాయి. అదే ఊళ్ళో రైడర్స్ ఫీల్డ్ అని ఒక బేస్‌బాల్ స్టేడియం ఉంది. 2003లో మొదలైంది. రైట్ ఫీల్డ్ గోడ అవతల ఒక నీళ్ళ కాలువ కట్టారు, జనం ట్యూబుల మీద తేలుతూ ఆట చూస్తారు. ఫ్రిస్కో రఫ్‌రైడర్స్ జట్టుకి ఇదే సొంత మైదానం.

వేసవికి ఖమ్మం నుంచి వచ్చిన మా బాబాయిని ఒక సాయంత్రం అక్కడికి తీసుకెళ్ళాను. ఆయన నిలువెల్లా క్రికెట్ మనిషి. మూడో ఇన్నింగ్స్‌లో ఇంటి జట్టు కుర్రాడు హోమ్ రన్ కొట్టాడు. స్టేడియమంతా లేచి అరుస్తోంది. బాబాయి మాత్రం నా మోచెయ్యి పట్టుకుని, "ఒరేయ్, ఆ వల వెనక టోపీ పెట్టుకున్నాయన్ని చూడు. బంతి గోడ దాటినా తలెత్తలేదు. చేతిలో ఆ వాచీ ఏంటి? స్కోరు రాసే ఆయనా?" అన్నాడు.

స్కోరు రాసే మనిషి కాదు, స్కౌట్, అంటే ఆటగాళ్ళ సత్తా చూసి తన జట్టుకి రిపోర్టు రాసేవాడు. స్కోరుతో ఆయనకి దాదాపు పనే లేదు. ఏటా జూలై రాగానే ఫలానా కుర్రాడి కోసం ఫలానా స్టార్ ఆటగాణ్ణి ఇచ్చేశారనీ, ఎవరూ పేరు వినని పందొమ్మిదేళ్ళ వాడు దేశంలో మూడో ర్యాంకు ప్రాస్పెక్ట్ (ముందు ముందు పెద్ద ఆటగాడవుతాడని ఆశ ఉన్న కుర్రాడు) అనీ వార్తలు వస్తాయి. అవి చదివి తికమకపడేవాళ్ళకు ఆ వల వెనక కూర్చున్న మనిషి పని అర్థమైతే సగం చిక్కు విడిపోతుంది.

మైనర్ లీగ్ అంటే మైనర్లు ఆడేది కాదు

తెలుగులో మైనర్ అంటే పద్ధెనిమిది నిండనివాడు. ఇక్కడ ఆ అర్థం లేదు. అమెరికా బేస్‌బాల్‌లో పై మెట్టు మేజర్ లీగ్, అందులో 30 జట్లు. వాటి కింద ఉన్న మెట్లన్నీ కలిపి మైనర్ లీగ్. ఆడేవాళ్ళు జీతం తీసుకునే వృత్తి ఆటగాళ్ళే. పదిహేడేళ్ళ వాడూ ఉంటాడు, ముప్ఫై దాటినవాడూ ఉంటాడు.

2021లో ఈ వ్యవస్థని కుదించారు. 40కి పైగా ఊళ్ళ జట్లు అనుబంధం కోల్పోయాయి, 120 మిగిలాయి. అంటే ఒక్కో మేజర్ జట్టుకి నాలుగు. కింది నుంచి పైకి సింగిల్-ఏ, హై-ఏ, డబుల్-ఏ, ట్రిపుల్-ఏ. వీటికీ అడుగున అరిజోనా, ఫ్లోరిడాల్లో కాంప్లెక్స్ లీగులు, డొమినికన్ రిపబ్లిక్‌లో ఒక వేసవి లీగ్ ఉన్నాయి. టెక్సస్ రేంజర్స్ సంగతే చూస్తే, 2025లో ఆ నిచ్చెన మెట్లు హికరీ, హబ్ సిటీ, ఫ్రిస్కో, రౌండ్ రాక్. ఆఖరి మెట్టు ఆర్లింగ్టన్‌లోని మేజర్ లీగ్ మైదానం. ఫ్రిస్కో నుంచి ఆర్లింగ్టన్‌కి కారులో గంట లోపే. కొందరికి ఆ దూరం దాటడానికి మూడేళ్ళు పడుతుంది, చాలామంది ఎప్పటికీ దాటరు.

ఒక కీలకమైన సంగతి కొత్తగా చూసేవాళ్ళకి తట్టదు. టికెట్లు, తినుబండారాలు, ఆ నీళ్ళ కాలువ చూసుకునేది స్థానిక క్లబ్బు. ఆటగాళ్ళు, కోచ్‌లు మాత్రం పై జట్టు మనుషులు. జీతాలిచ్చేది, ఎవరు ఎక్కడ ఆడాలో తేల్చేది పై జట్టే. ఊరు ఊరంతా మెచ్చిన బ్యాటర్ రేపు పొద్దున్నే రౌండ్ రాక్ వెళ్ళిపోవచ్చు, ఫ్రిస్కో క్లబ్బుని ఎవరూ అడగరు. అంటే ఇక్కడ మ్యాచ్ గెలవడం రెండో విషయం. ఆటగాణ్ణి తయారుచేయడం మొదటిది. స్కౌట్ చూపుని అర్థం చేసుకోవడానికి ఇదే తాళంచెవి.

డబ్బు సంగతి కూడా చెప్పుకోవాలి. 2022లో డబుల్-ఏ ఆటగాడి కనీస జీతం ఏడాదికి 13,800 డాలర్లు. ఆటగాళ్ళు యూనియన్‌లో చేరి 2023లో ఒప్పందం కుదుర్చుకున్నాక అది 30,250 అయింది. 2025లో మేజర్ లీగ్ కనీస జీతం 7,60,000. ఈ రెండు అంకెల మధ్య ఉన్న గోడ అవతలకి ఎవరు దూకగలరన్నది, వల వెనక కూర్చున్నాయన రాసే నాలుగు పేరాల మీద కూడా ఆధారపడుతుంది. అందుకే ఆ పనిని నేను తేలిగ్గా చూడలేను.

ఆయన ఎవరి తరఫున వచ్చాడు?

స్కౌట్ అనగానే ఊళ్ళు తిరిగి మరుగునపడ్డ ప్రతిభని వెలికితీసేవాడే అనుకుంటాం. అలాంటివాళ్ళూ ఉన్నారు. హైస్కూలు, కాలేజీ మైదానాల చుట్టూ తిరిగి డ్రాఫ్ట్ కోసం, అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్ళని ఎంచుకునే కార్యక్రమం కోసం, కుర్రాళ్ళని చూసేవాళ్ళని అమెచ్యూర్ స్కౌట్లంటారు. 1965లో మొదలైన ఆ డ్రాఫ్ట్ ఇప్పుడు 20 రౌండ్లు సాగుతుంది. వెనిజులా, డొమినికన్ లాంటి దేశాల్లో తిరిగేవాళ్ళు అంతర్జాతీయ స్కౌట్లు.

మైనర్ లీగ్ ఆటలో మీకు కనిపించేది సాధారణంగా మూడో రకం, ప్రో స్కౌట్. ఆయన చూస్తున్న ప్రతి కుర్రాడికీ అప్పటికే ఏదో ఒక జట్టుతో ఒప్పందం ఉంది. కొత్తగా సంతకం చేయించుకునే వీలు లేదు. అవతలి జట్టు సొత్తుకి తన జట్టు తరఫున విలువ కట్టడమే ఆయన పని.

మన ఐపీఎల్‌తో పోల్చితే తేడా తెలుస్తుంది. ఫ్రాంచైజీ మనుషులు దేశవాళీ మ్యాచ్‌లు చూసి పేర్లు రాసుకుంటారు, ఆ ఆటగాళ్ళు వేలానికి వస్తారు. 2017లో మన హైదరాబాదీ సిరాజ్‌ని సన్‌రైజర్స్ 2.6 కోట్లకి అలాగే కొంది. మైనర్ లీగ్ కుర్రాడు వేలానికి రాడు. అతన్ని పొందాలంటే అవతలి జట్టుతో మార్పిడి చేసుకోవాలి, లేదా రూల్ 5 డ్రాఫ్ట్ అనే సన్నని దారిలో పట్టుకోవాలి.

మార్పిడి జరిగే తీరు ఇది. జూలై వచ్చేసరికి ఒక జట్టు టైటిల్ రేసులో ఉంటుంది, కానీ ఒక మంచి పిచ్చర్ (బంతి వేసేవాడు, మన బౌలర్ లాంటివాడు) తక్కువ. ఇంకో జట్టు ఆ ఏడాది ఆశ వదులుకుంది, దాని దగ్గర ఆ పిచ్చర్ ఉన్నాడు. "మీకు ఈయన్ని ఇస్తాం, మీ డబుల్-ఏలో ఆ కుర్రాణ్ణి ఇవ్వండి" అంటుంది. ఆ "కుర్రాణ్ణి" అన్న మాట వెనక నెలల తరబడి వల వెనక కూర్చున్న స్కౌట్ రిపోర్టు ఉంటుంది.

1987 ఆగస్టులో డెట్రాయిట్ టైగర్స్‌కి అనుభవమున్న పిచ్చర్ కావాల్సి వచ్చింది. అట్లాంటా నుంచి డోయల్ అలెగ్జాండర్‌ని తీసుకుని, బదులుగా గ్లెన్స్ ఫాల్స్‌లో డబుల్-ఏ ఆడుతున్న ఇరవై ఏళ్ళ కుర్రాణ్ణి ఇచ్చింది. ఆ ఏడాది అక్కడ ఆ కుర్రాడు గెలిచినవి 4, ఓడినవి 10. పూర్తి ఆటకి, అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కి, సగటున 5.68 పరుగులు ఇచ్చాడు. కాగితం మీద చూస్తే ఎవరూ అడగని అంకెలు. అతని పేరు జాన్ స్మోల్జ్. తర్వాత 213 విజయాలు, 154 సేవ్‌లు (చివర్లో వచ్చి జట్టు ఆధిక్యాన్ని నిలబెట్టిన ఆటలు), 2015లో హాల్ ఆఫ్ ఫేమ్. డెట్రాయిట్‌ని తప్పుపట్టడం కూడా న్యాయం కాదు. అలెగ్జాండర్ వాళ్ళకి వరసగా 9 ఆటలు గెలిచిపెట్టాడు, ఒక్కటీ ఓడలేదు, జట్టు తన డివిజన్ గెలిచింది. వాళ్ళు కొనుక్కున్నది ఆ ఏడాదిని, అట్లాంటా కొనుక్కున్నది వచ్చే ఇరవై ఏళ్ళని.

అసలు చూపు ఆటకి ముందే మొదలవుతుంది

ఆట ఏడింటికైతే స్కౌట్ నాలుగింటికే వస్తాడు. బ్యాటింగ్ ప్రాక్టీసు, ఫీల్డింగ్ ప్రాక్టీసు చూడాలి. ఆటలో రైట్ ఫీల్డర్ దగ్గరికి గట్టిగా విసరాల్సిన బంతి ఒక్కటీ రాకపోవచ్చు. ప్రాక్టీసులో వరసగా అయిదు విసురుతాడు.

ఈ మాటకి నాకు తెలిసిన గొప్ప సాక్ష్యం 1954 నాటిది. పిట్స్‌బర్గ్ పైరేట్స్ స్కౌట్ క్లైడ్ సుకెఫోర్త్, బ్రూక్లిన్ డాడ్జర్స్ వాళ్ళ ట్రిపుల్-ఏ జట్టు మాంట్రియల్ రాయల్స్‌ని చూడటానికి రిచ్‌మండ్ వెళ్ళాడు. చూడాల్సింది జో బ్లాక్ అనే పిచ్చర్‌ని. ఫీల్డింగ్ ప్రాక్టీసులో అవుట్‌ఫీల్డ్ నుంచి ఒక ప్యూర్టో రికో కుర్రాడు విసిరిన బంతి చూశాక ఆయన చూపు అటు తిరిగిపోయింది. ఆ కుర్రాడు రాబర్టో క్లెమెంటే.

డాడ్జర్స్ అతన్ని ఆ ఏడాది పెద్దగా ఆడించలేదు. 87 ఆటల్లోనే కనిపించాడు, సగటు .257, అంటే వెయ్యి ప్రయత్నాలకి 257 హిట్ల (కొట్టి క్షేమంగా బేస్ చేరడం) లెక్క. ఎందుకంటే అప్పటి నియమం ప్రకారం 4,000 డాలర్లకి మించి బోనస్ తీసుకున్న కుర్రాణ్ణి మేజర్ జట్టులోనే ఉంచాలి, మైనర్‌కి పంపితే ఏడాది చివర మిగతా జట్లు లాక్కోవచ్చు. క్లెమెంటేకి ఇచ్చింది 10,000. అతన్ని బెంచీ మీద కూర్చోబెట్టి ఎవరి కంటా పడకుండా దాచే ప్రయత్నమే అదంతా అని చాలామంది చరిత్రకారుల మాట, అంత పక్కాగా దాచలేదనే వాదనా ఉంది. ఏదైనా బ్యాటింగ్ సగటుని దాచొచ్చు గానీ ప్రాక్టీసులో విసిరే చేతిని దాచలేరు. 1954 నవంబరులో పైరేట్స్ అతన్ని తీసుకుంది. 3,000 హిట్లు, 12 గోల్డ్ గ్లవ్‌లు (మేటి ఫీల్డర్ అవార్డులు) ఆ తర్వాతి కథ. 1972 డిసెంబరు 31న నికరాగువా భూకంప బాధితులకి సామాను తీసుకెళ్తూ విమాన ప్రమాదంలో చనిపోయాడు.

క్లెమెంటేని పట్టిచ్చిన దారికి నేటి రూపమే రూల్ 5 డ్రాఫ్ట్. పద్ధెనిమిదేళ్ళకో అంతకు ముందో సంతకం చేసిన ఆటగాడు అయిదు సీజన్లు గడిచినా, పందొమ్మిది ఆపైన చేసినవాడు నాలుగు గడిచినా, పై జట్టు తన 40 మంది జాబితాలో చేర్చుకోకపోతే వేరే జట్టు 1,00,000 డాలర్లు కట్టి తీసుకోవచ్చు. షరతు ఒక్కటే: సీజనంతా మేజర్ జట్టులోనే ఉంచాలి. లేదంటే పాత జట్టుకి సగం ధరకి తిరిగి ఇవ్వజూపాలి.

ప్రాక్టీసు మోసం చేస్తుందని కూడా స్కౌట్లకి తెలుసు. 'ఫైవ్ ఓక్లాక్ హిట్టర్' అని వాళ్ళ వాడుకలో ఒక మాట ఉంది. సాయంత్రం అయిదింటి ప్రాక్టీసులో మెల్లగా వేసే బంతుల్ని గోడ దాటించి, ఏడింటి ఆటలో నిజమైన స్లైడర్ (చివర్లో పక్కకి జారే బంతి) వచ్చేసరికి తడబడేవాడు. ప్రాక్టీసు బలాన్ని చూపిస్తుంది, ఆ బలం ఆటలో పనికొస్తుందా అన్నది ఆటే చెప్పాలి.

20 నుంచి 80: ఈ మార్కుల లెక్కేంటి?

స్కౌట్లు మార్కులు నూటికి వేయరు. 20 నుంచి 80 వరకు వేస్తారు. ఈ పద్ధతిని బ్రాంచ్ రికీ పేరు మీద చెబుతారు. ఆధునిక మేజర్ లీగ్‌లో మొదటి నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్సన్‌ని తెచ్చినది, 1954లో పైరేట్స్ నడిపిస్తూ క్లెమెంటేని తీసుకున్నది కూడా ఆయనే.

50 అంటే సగటు. ఎవరి సగటు అన్నదే అసలు సంగతి: మేజర్ లీగ్ ఆటగాళ్ళ సగటు. ఫ్రిస్కోలో ఒక కుర్రాడి పరుగుకి 50 వేశారంటే తీసిపారేసినట్టు కాదు, ప్రపంచంలోని అత్యుత్తమ లీగ్‌లో సగటు మనిషితో సమానంగా పరిగెత్తుతాడని అర్థం. స్కేలు ఉద్దేశం ప్రకారం ప్రతి 10 మార్కులూ గణితంలో ఒక ప్రామాణిక విచలనం. ఆ లెక్కన 40కీ 60కీ మధ్య మూడింట రెండొంతుల మంది ఉంటారు, 70 దాటేవాళ్ళు నూటికి ఇద్దరు ముగ్గురు, 80 అంటే తరానికి కొందరు.

బ్యాటర్‌కి అయిదు అంశాల్లో మార్కులు వేస్తారు, వాటిని టూల్స్ అంటారు: బంతిని తగిలించడం, బలంగా కొట్టడం, పరుగు, విసిరే చెయ్యి, ఫీల్డింగ్. పిచ్చర్‌కైతే వేసే ఒక్కో రకం బంతికి ఒక మార్కు, అనుకున్న చోట వేయగలగడానికి ఒక మార్కు.

ప్రతి టూల్‌కీ రెండు మార్కులు పక్కపక్కనే ఉంటాయి, ఒకటి ఇవాళ్టిది, రెండోది రేపటిది. '35/55' అని రాస్తే ఇవాళ ఇంకా పచ్చిగా ఉన్నాడు, పండితే సగటు కంటే కాస్త పైనే ఉంటాడని. ఇందులో మొదటి అంకె వేయడం కొంత అనుభవముంటే వచ్చేస్తుంది. స్కౌట్‌కి జీతమిచ్చేది రెండో అంకె కోసం. భుజాలు ఇంకా నిండుతాయా, ఎముక ఎదిగిందా, తప్పు చేసిన బంతికే రెండోసారి మళ్ళీ తప్పు చేస్తున్నాడా, ఇలాంటివన్నీ ఆ అంకెలోకి వెళ్తాయి.

వాచీలో 3.3 సెకన్లు

బాబాయి అడిగిన వాచీ సంగతికి వద్దాం. అది స్టాప్‌వాచ్. బ్యాట్‌కి బంతి తగిలిన చప్పుడుకి నొక్కుతాడు, బ్యాటర్ కాలు మొదటి బేస్ మీద పడగానే ఆపుతాడు. దూరం 90 అడుగులు. కుడిచేతి బ్యాటర్‌కి 4.3 సెకన్లయితే 50 మార్కులు, 4.0 అయితే 80. ఎడమచేతి వాడు బేస్‌కి కాస్త దగ్గరగా నిలబడతాడు కాబట్టి అతనికి ప్రతి మెట్టులో పదోవంతు సెకను తగ్గించాలి. 80కీ 50కీ తేడా సెకనులో మూడు పదోవంతులే.

ఇంకో రెండు కొలతలు కలిపితే ఒక చక్కని లెక్క వస్తుంది. మొదటి బేస్ మీద రన్నర్ ఉన్నాడు, రెండో బేస్ దొంగిలించాలని, అంటే ఎవరూ బంతిని కొట్టకుండానే పరిగెత్తి చేరుకోవాలని, చూస్తున్నాడు. పిచ్చర్ కదలడం మొదలుపెట్టిన క్షణం నుంచి బంతి క్యాచర్ (మన వికెట్‌కీపర్ లాంటివాడు) గ్లవ్‌లో పడేదాకా 1.3 సెకన్లు. క్యాచర్ గ్లవ్‌లో పడ్డ చప్పుడు నుంచి రెండో బేస్ దగ్గర ఫీల్డర్ గ్లవ్‌లో పడేదాకా 2.0 సెకన్లు, దీన్ని పాప్ టైమ్ అంటారు. మొత్తం 3.3. ఈ రన్నర్‌కి రెండో బేస్ చేరడానికి 3.4 పడుతుందనుకుందాం. అవుట్.

ఇప్పుడు పిచ్చర్‌ని మార్చండి. ఇతను కాలు ఎత్తుగా లేపి 1.5 సెకన్లు తీసుకుంటాడు. మొత్తం 3.5. అదే రన్నర్, అదే క్యాచర్, ఈసారి సేఫ్. మర్నాడు స్కోరు పట్టికలో క్యాచర్ పేరు పక్కన 'దొంగతనం ఆపలేకపోయాడు' అని పడుతుంది. పట్టిక చదివినవాడికి క్యాచర్ చెయ్యి బలహీనంగా కనిపిస్తుంది. వాచీ పట్టుకున్నవాడికి తప్పు పిచ్చర్ కాలులో ఉందని తెలుసు. హోమ్ రన్ అప్పుడు ఆ టోపీ ఆయన తలెత్తకపోవడానికి కారణం కూడా ఇలాంటిదే అయ్యుంటుంది. బంతి ఎక్కడ పడిందో రేపు వీడియోలో దొరుకుతుంది. కొట్టిన కుర్రాడి నడుము ఎప్పుడు తిరిగింది, ఏ రకం బంతిని కొట్టాడు అన్నది ఆ క్షణంలో చూడాలి.

రాడార్ గన్‌ది కూడా ఇదే కథ. వేగం ముఖ్యమే, కానీ ఒంటరిగా ఏమీ చెప్పదు. 2008లో ఉత్తరప్రదేశ్ జావెలిన్ కుర్రాళ్ళు రింకూ సింగ్, దినేశ్ పటేల్ ఒక టీవీ పోటీలో చెయ్యి బలం చూపించి పైరేట్స్‌తో ఒప్పందం చేసుకున్నారు. రింకూ బంతి గంటకి 87 మైళ్ళు తాకింది. అంతకు ముందు బేస్‌బాలే ఆడని మనిషి సింగిల్-ఏ దాకా ఎక్కడం నిజంగా గొప్పే. అక్కడి నుంచి పైకి వెళ్ళడానికి పన్నెండేళ్ళ వయసు నుంచీ చేతికి అలవాటైన విద్య కావాలి, దాన్ని రాడార్ కొలవదు.

ఇద్దరు బ్యాటర్లు: అంకెల్ని ఎలా చదవాలి?

ఊహకి ఇద్దర్ని తీసుకుందాం, ఇద్దరూ డబుల్-ఏలోనే. మొదటివాడికి 26 ఏళ్ళు, సగటు .310, హోమ్ రన్లు 18. రెండోవాడికి 20 ఏళ్ళు, సగటు .255, హోమ్ రన్లు 7. అభిమాని మొదటివాడి జెర్సీ కొంటాడు. ప్రాస్పెక్టుల జాబితాలో రెండోవాడు పైన ఉంటాడు.

మొదటి కారణం వయసు. డబుల్-ఏలో ఎక్కువమంది 23, 24 ఏళ్ళ వాళ్ళు. ఇరవై ఏళ్ళవాడు తనకంటే నాలుగేళ్ళ పెద్ద పిచ్చర్లని ఎదుర్కొంటూ నిలబడ్డాడు. ఇంటర్ పిల్లాడు డిగ్రీ ఫైనలియర్ పరీక్ష రాసి పాసైనట్టు. ఇరవయ్యారేళ్ళవాడు అదే పరీక్ష మూడోసారి రాస్తున్నాడు. రెండోది, ఏ బంతులకి అవుటవుతున్నాడన్నది. మొదటివాడు మధ్యలో పడ్డ ఫాస్ట్‌బాల్‌ని బాదుతున్నాడు, తిరిగే బంతికి గాలిలో ఊపుతున్నాడు. పై మెట్టులో పిచ్చర్లు రెండు వారాల్లో అది కనిపెట్టి మధ్యలో వేయడం మానేస్తారు. రెండోవాడు బయటికి పోయే బంతిని వదిలేస్తున్నాడు, కొట్టినప్పుడు గట్టిగా కొడుతున్నాడు, కానీ బంతి నేల మీదే వెళ్తోంది. ఆ కోణం నేర్పించవచ్చు. బంతిని గుర్తుపట్టే కన్ను నేర్పించడం చాలా కష్టం.

మైదానం కూడా అంకెల్ని మారుస్తుంది. న్యూ మెక్సికోలోని అల్బుకర్కీ సముద్రమట్టానికి 5,000 అడుగుల పైన ఉంది, పలచని గాలిలో బంతి ఇంకా దూరం ఎగురుతుంది. అక్కడి హోమ్ రన్లని అలాగే లెక్కేయలేం. దీనికి ఎదురు ఉదాహరణ జెఫ్ బాగ్‌వెల్. 1990లో బోస్టన్ వాళ్ళ డబుల్-ఏ జట్టు న్యూ బ్రిటన్‌లో సగటు .333, కానీ హోమ్ రన్లు 4 మాత్రమే. హోమ్ రన్లకి కష్టమైన మైదానమని దానికి పేరు. ఆ ఆగస్టులో బోస్టన్ ఒక రిలీఫ్ పిచ్చర్ (ఆట మధ్యలో మొదటి పిచ్చర్ బదులు వచ్చేవాడు) కోసం అతన్ని హ్యూస్టన్‌కి ఇచ్చేసింది. ఆ పిచ్చర్ లారీ ఆండర్సన్ బోస్టన్‌కి వేసింది 22 ఇన్నింగ్స్. బాగ్‌వెల్ మేజర్ లీగ్‌లో కొట్టింది 449 హోమ్ రన్లు.

పిచ్చర్ల అంకెల్లో ఇంకో మెలిక ఉంది. పై జట్టు ఒక కుర్రాడితో, "ఈ నెలంతా ఆటకి కనీసం ఇరవై ఛేంజప్‌లు వెయ్యి, ఎన్ని పరుగులు పోయినా సరే" అంటుంది. ఛేంజప్ అంటే ఫాస్ట్‌బాల్‌లా కనిపించి మెల్లగా వచ్చే బంతి. అతని ఫాస్ట్‌బాల్‌ని ఎవరూ తాకలేరు, అయినా ఇంకా చేతికి రాని బంతి వేసి దెబ్బ తింటాడు. స్కోరు పట్టికలో అయిదు పరుగులు ఇచ్చి ఓడిపోయాడు. స్కౌట్ పుస్తకంలో మాత్రం 'నాలుగో ఇన్నింగ్స్ నుంచి ఛేంజప్ కుదురుతోంది' అని ఉంటుంది. స్మోల్జ్ 4-10ని దాటి చూడగలిగిన చూపు ఇలాంటిదే.

కన్నా, కంప్యూటరా?

గడిచిన పదిహేనేళ్ళుగా ఈ వృత్తిలో ఉన్న పెద్ద తగువు ఇది. మైనర్ లీగ్ మైదానాల్లో ఇప్పుడు ట్రాక్‌మ్యాన్ లాంటి రాడార్లున్నాయి. బంతి వేగం, నిమిషానికి ఎన్ని చుట్లు తిరిగింది, బ్యాట్‌ని వదిలిన వేగం, కోణం, అన్నీ నమోదవుతాయి. 2023 నుంచి ట్రిపుల్-ఏ ఆటల వివరాలు మామూలు అభిమాని కూడా చూడొచ్చు. అలాంటప్పుడు హోటల్ ఖర్చు పెట్టి మనిషిని పంపడం ఎందుకు? 2017లో హ్యూస్టన్ ఆస్ట్రోస్ తన స్కౌట్లలో పలువురిని తీసేసి వీడియో, డేటాల వైపు మొగ్గింది. 2020లో కోవిడ్ వల్ల మైనర్ లీగ్ సీజనే రద్దయింది, చాలా జట్లు ఖర్చు తగ్గించుకోవడంతో ఇంకా ఎందరో ఉద్యోగాలు పోయాయి.

డేటా వైపు వాదనలో బలముంది. ఇద్దరు పిచ్చర్లు గంటకి 94 మైళ్ళ వేగంతో ఫాస్ట్‌బాల్ వేస్తున్నారనుకోండి. రాడార్ గన్ మీద ఇద్దరూ ఒకటే. ఒకరి బంతి నిమిషానికి 2,100 చుట్లు, ఇంకొకరిది 2,600. రెండో బంతి చుట్లు సరైన దిశలో ఉంటే, బ్యాటర్ అనుకున్నంత కిందికి జారదు, బ్యాట్ దాని కింద నుంచి పోతుంది. ఆ తేడాని యంత్రం మొదటి రోజే చెబుతుంది. అన్నిటికంటే పెద్ద సంగతి, కంటికి పక్షపాతం ఉంటుంది. హోసే అల్తూవే 5 అడుగుల 6 అంగుళాలు. వెనిజులాలో ఆస్ట్రోస్ ఎంపిక శిబిరానికి వెళ్తే మరీ పొట్టి అని ఇంటికి పంపేశారు. మర్నాడు మళ్ళీ వచ్చాడు. 2007లో 15,000 డాలర్లకి సంతకం చేశాడు, పదేళ్ళ తర్వాత అమెరికన్ లీగ్ ఎంవీపీ, అంటే ఆ ఏటి అత్యంత విలువైన ఆటగాడు, అయ్యాడు. ఎత్తు చూసి తల తిప్పేసుకోవడం కన్ను చేసే తప్పు. కొట్టిన బంతి వేగం కొలిచే యంత్రం ఆ తప్పు చేయదు.

కన్ను వైపు వాదన కూడా తేలిగ్గా తీసేయదగ్గది కాదు. యంత్రం జరిగినదాన్ని కొలుస్తుంది. మూడుసార్లు వరసగా స్ట్రైకవుట్ (బంతిని సరిగా కొట్టలేకుండానే అవుట్) అయిన కుర్రాడు డగౌట్‌లో హెల్మెట్ విసిరికొట్టాడా, కోచ్ పక్కన కూర్చుని అడిగి తెలుసుకున్నాడా అన్నది రాడార్‌కి పట్టదు. ఇంగ్లిష్ రాని పిచ్చర్ తడబడుతుంటే క్యాచర్ మౌండ్ (పిచ్చర్ నిలబడే దిబ్బ) దాకా నడిచి వెళ్ళి భుజం మీద చెయ్యేసిన సంగతి ఏ పట్టికలోనూ ఉండదు. ఇలాంటివన్నీ కలిపి స్కౌట్లు 'మేకప్' అంటారు, అంటే మనిషి స్వభావం. బస్సుల్లో తిరుగుతూ అయిదారేళ్ళు నెగ్గుకురావాల్సిన జీవితంలో అది చిన్న విషయం కాదు. పైగా పిచ్చర్ మోచెయ్యి నిన్నటి కంటే రెండంగుళాలు కిందికి జారిందంటే అలసటో, గాయమో మొదలవుతోందని మంచి స్కౌట్ ముందే అనుమానిస్తాడు. ఇప్పుడు కెమెరాలు దీన్నీ పట్టుకుంటున్నాయి, నిజమే. పట్టుకున్నదానికి అర్థం చెప్పడం ఇంకా మనిషి వంతే.

నా మటుకు నేను, యంత్రం ఏది చూడాలో చెబుతుందనీ, మనిషి దాని వెనక కారణం చెబుతాడనీ నమ్ముతాను. ఎక్కువ జట్లు ఇప్పుడు చేస్తున్నదీ అదే. స్కౌట్ డేటా చూసుకునే మైదానానికి వస్తాడు. ఈ కుర్రాడు తక్కువ ఎత్తు బంతుల్ని తాకలేకపోతున్నాడని కంప్యూటర్ చెబితే, మోకాలు వంగకపోవడం వల్లనా, బంతిని ఆలస్యంగా చూడటం వల్లనా అని వెతుకుతాడు. అందుకోసం సీటు కూడా మారతాడు: కుడిచేతి బ్యాటర్ వస్తే మొదటి బేస్ వైపుకి, ఎడమచేతి వాడైతే మూడో బేస్ వైపుకి, ఛాతీ కనిపించే వైపు.

ఎవరూ పూర్తిగా చూడలేనిది: లోపలి మోచెయ్యి

కుమార్ రాకర్ పేరు మనవాళ్ళలో కొందరికైనా తెలుసు. తండ్రి ట్రేసీ రాకర్ ఫుట్‌బాల్ ఆటగాడు, కోచ్. తల్లి లలిత భారతీయ మూలాలున్న కుటుంబంలో పుట్టారు. వాండర్‌బిల్ట్ యూనివర్సిటీకి ఆడుతూ 2019లో డ్యూక్ యూనివర్సిటీ మీద 19 స్ట్రైకవుట్లతో ఒక్క హిట్ కూడా ఇవ్వని ఆట ఆడాడు. అతని స్లైడర్‌కి స్కౌట్లు వేసిన మార్కులు చాలా ఎక్కువ. 2021 డ్రాఫ్ట్‌లో న్యూయార్క్ మెట్స్ పదో స్థానంలో తీసుకుంది. వైద్య పరీక్షల తర్వాత ఒప్పందం వద్దంది.

కంటికీ, రాడార్‌కీ గొప్పగా కనిపించినవాడు స్కాన్‌లో అనుమానంగా కనిపించాడు. ఏది నిజం? 2022లో ట్రై-సిటీ అనే స్వతంత్ర జట్టుకి కొన్ని ఆటలు ఆడి తనని తాను మళ్ళీ చూపించుకున్నాడు. స్కౌట్లు మళ్ళీ వచ్చారు, వల వెనక కూర్చున్నారు. ఆ జూలైలో టెక్సస్ రేంజర్స్ ఏకంగా మూడో స్థానంలో తీసుకుంది. 2023 మేలో మోచేతి లిగమెంట్‌ని సరిచేసే టామీ జాన్ ఆపరేషన్ జరిగింది. మెట్స్ భయం నిజమైందా? కొంత అవును. 2024లో కోలుకుని ఫ్రిస్కోలో, రౌండ్ రాక్‌లో ఆడాడు, సెప్టెంబరు 12న సియాటిల్‌లో మేజర్ లీగ్‌లో అడుగుపెట్టి 4 ఇన్నింగ్స్‌లో 7 స్ట్రైకవుట్లు చేశాడు. రేంజర్స్ నమ్మకం నిజమైందా? అదీ కొంత అవును. 2025 మళ్ళీ సాఫీగా సాగలేదు. రెండు జట్లూ ఒకే కుర్రాణ్ణి చూసి, ఒకే ప్రమాదానికి రెండు ధరలు కట్టాయి. స్కౌటింగ్‌లో తప్పొప్పుల తీర్పు అంత తొందరగా రాదు.

ఆరు రాత్రులు

2021 నుంచి మైనర్ లీగ్‌లో ఎక్కువ సిరీస్‌లు ఆరు ఆటలవి, మంగళవారం నుంచి ఆదివారం దాకా. స్కౌట్ ఆ వారమంతా ఒకే చోట కూర్చుంటే రెండు జట్ల ప్రధాన పిచ్చర్లందరూ ఒక్కసారైనా కంటపడతారు, ప్రతి బ్యాటర్ ఇరవైకి పైగా సార్లు క్రీజులోకి వస్తాడు. ఇరవైసార్లు చూసి ఒక మనిషి భవిష్యత్తు రాయడం తక్కువేనని వాళ్ళకీ తెలుసు. అందుకే ఒకే కుర్రాణ్ణి ఒకే జట్టు తరఫున ఇద్దరు ముగ్గురు వేర్వేరు నెలల్లో చూస్తారు.

మేం వెళ్ళిన రోజు బుధవారం. ఇదంతా చెప్పేసరికి ఏడో ఇన్నింగ్స్ అయింది. బాబాయి ఫోన్ తీసి స్టాప్‌వాచ్ తెరిచాడు. ఎడమచేతి బ్యాటర్ షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య ఫీల్డర్) వైపు నేల మీద కొట్టి పరిగెత్తాడు. బాబాయి నొక్కి, ఆపి, నాకు చూపించాడు. 4.41.

"అంటే 40 కూడా రాదన్నమాట" అన్నాను.

"లేదురా" అన్నాడు బాబాయి, ఫోన్ మళ్ళీ సున్నాకి పెడుతూ. "సగం దూరం వెళ్ళాక అవుటని తెలిసి మెల్లగా పరిగెత్తాడు. ఈ అంకె రాయకూడదు. శుక్రవారం మళ్ళీ వద్దాం."